జీవాలు మేపే పిల్లోడి ముందు మైక్ పెట్టే ముందు

 

ఈ మధ్య రేడియోలో పని నేర్చుకుంటున్న ఒక చెల్లెలు నాకు ఫోన్ చేసింది. "అన్నా, బాల కార్మికుల మీద అరగంట ప్రోగ్రాం చెయ్యమన్నారు. మీ గుమ్మఘట్ట పక్క జీవాలు మేపే పిల్లోడు ఎవరైనా ఉంటే చెప్పన్నా, వాడి మాటలు రికార్డ్ చేసుకుని పోతా" అంది. నేను, "రా అమ్మా, కానీ పిల్లోడి దగ్గర మాత్రం మొదలుపెట్టద్దు" అన్నాను. "మరి ఎవరి దగ్గర మొదలుపెట్టాలి?" అంది. దానికి ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పడం కుదరలేదు. అందుకని ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే.

నేను జర్నలిజం చదివినోణ్ణి కాదు. బీటెక్ చేసి, బెంగళూరులో కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇట్లా మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నాను. అయితే ఆ ఉద్యోగంలో నేర్చుకున్న ఒక సంగతి ఇక్కడ పనికొస్తుంది. స్క్రీన్ మీద ఎర్రర్ ఒక చోట కనిపిస్తుంది. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు. లాగ్స్ తెరిచి, ఒక్కో అడుగు వెనక్కి పోతూ, ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. బడి టైమ్‌లో ఒక పిల్లోడు గొర్రెల వెనక కనిపించాడంటే, అది స్క్రీన్ మీద ఎర్రర్. ఎవరెవరి నిర్ణయాల వల్ల వాడు అక్కడికి వచ్చాడో వెనక్కి పోయి చూడటం రిపోర్టర్ పని.

ముందు మా పక్క ఎట్లుంటుందో చెప్తా. గుమ్మఘట్ట అనంతపురం జిల్లాలో, రాయదుర్గం పక్కన ఉండే మండలం. దాటితే కర్ణాటక. వేదవతి అంటారు, హగరి అంటారు, ఆ నది మీద భైరవానితిప్ప ప్రాజెక్టు మా మండలంలోనే ఉంది. 1961లో పూర్తయింది. మేం బీటీపీ అంటాం. అది నిండిన ఏడు ఊళ్ళల్లో పండగే, ఎందుకంటే అట్లాంటి ఏళ్ళు తక్కువ. జిల్లాలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత మాదే అని వింటూ పెరిగినోళ్ళం. మెట్ట సేద్యం. శెనక్కాయ పంట.

ఇట్లాంటి చోట పిల్లల పని ఎట్లుంటుంది? బాల కార్మికులు అనగానే మనకు కళ్ళ ముందుకు వచ్చేది ఒక ఫ్యాక్టరీ, ఒక హోటల్, ఆఫీసర్లు పోయి పిల్లల్ని బయటికి తీసుకొచ్చే సీన్. మా పక్క అట్లా ఉండదు. వాన రాకపోతే ఊర్లో కూలి ఉండదు. అమ్మానాన్న బెంగళూరుకో ఇంకో చోటికో వలస పోతారు. పెద్దపిల్ల చిన్నదాన్ని ఎత్తుకుని వాళ్ళ వెంట పోతుంది, లేదంటే అవ్వ దగ్గర ఉండి ఇల్లు చూసుకుంటుంది. వాన బాగా వస్తే ఇంకో రకం. కలుపు తీసేది, చెట్టు పెరికేది, కాయ తెంచేది, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. గుత్తకు ఒప్పుకున్న పనికి ఎన్ని చేతులుంటే అంత తొందరగా కూలి. అప్పుడూ పిల్లలు బడి మానతారు. అంటే కరువు వచ్చినా బడి పోతుంది, పంట పండినా బడి పోతుంది.

ఇవి కాక జీవాలు కాసే పని. ముందే అడ్వాన్సు తీసుకుని, ఏడాది జీతానికి పిల్లోణ్ణి మందలో పెట్టడం అనేది మా పెద్దోళ్ళకు బాగా తెలిసిన మాట. ఇక రాయదుర్గం, బళ్ళారి జీన్స్ కుట్టే ఊర్లు. దారాలు కత్తిరించడం లాంటి చిల్లర పని ఇంటికి తెచ్చుకుని చేస్తే, ఆ ఇంట్లో ఎవరి చేతులు పని చేస్తున్నాయో వీధిలోకి కనపడదు.

ఇది మా ఊరి సంగతి ఒక్కటే కాదు. ఐఎల్ఓ, యునిసెఫ్ కలిసి 2025లో ఇచ్చిన అంచనా చూడండి. 2024లో ప్రపంచంలో దాదాపు 13 కోట్ల 80 లక్షల మంది పిల్లలు బాల కార్మికులుగా ఉన్నారు. అందులో 61 శాతం మంది ఉన్నది వ్యవసాయంలో, పశువులు, చేపల పనితో కలిపి. కాబట్టి పొలంలో, మందలో ఉండే పిల్లలే ఈ కథలో ఎక్కువ మంది. కెమెరా పోయేది మాత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి.

సరే, రేడియోకి వద్దాం. మన దగ్గర రేడియో రిపోర్టర్ అంటే ఎవరు? ఇది కొంచెం చిక్కు ప్రశ్న. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు, ఆకాశవాణి వార్తల్నే తిరిగి వినిపించుకోవాలి. కమ్యూనిటీ రేడియోకి కూడా అంతే. కాబట్టి జీతం తీసుకునే రేడియో విలేకరి అంటే ఆకాశవాణి మనిషే. మా జిల్లాకైతే ఆకాశవాణి అనంతపురం, 101.7 ఉంది.

అయితే కమ్యూనిటీ రేడియోలో బులెటిన్ చదవకూడదు కానీ, చదువు, ఆరోగ్యం, సేద్యం, ఊరి సమస్యల మీద జనంతో మాట్లాడించే ప్రోగ్రాం చెయ్యచ్చు. అసలు లైసెన్స్ ఇచ్చేదే దానికి. మన తెలుగువాళ్ళకి దీంట్లో పెద్ద ఉదాహరణ ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో పెట్టుకోవచ్చని పాలసీ వచ్చింది. 2008 అక్టోబర్‌లో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళ సంగం రేడియో గాల్లోకి వచ్చింది. నడిపేది దళిత మహిళలు. వాళ్ళు ఏ జర్నలిజం కాలేజీకీ పోలేదు. విత్తనాలు, పంటలు, పండగలు, తమ ఊరి మాటలో తామే మాట్లాడుకున్నారు. కాబట్టి మా గుమ్మఘట్ట లాంటి చోట ఇంటర్ చదివిన పిల్ల రేడియో రిపోర్టర్ కాలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు అసలు పాయింట్. కమ్యూనిటీ రేడియో ట్రాన్స్‌మిటర్ పవర్ మామూలుగా 100 వాట్లకు మించదు. మహా అయితే పది పదిహేను కిలోమీటర్లు వినిపిస్తుంది. ఆ పది కిలోమీటర్లలోనే పిల్లోడు ఉన్నాడు, వాళ్ళ నాయన ఉన్నాడు, మంద ఓనర్ ఉన్నాడు, బడి హెడ్మాస్టర్ ఉన్నాడు, అప్పు ఇచ్చినాయన ఉన్నాడు. అందరూ వినేవాళ్ళే. ఢిల్లీ ఛానెల్‌లో వచ్చిన వార్త ఊర్లోకి రాకుండా పోవచ్చు. ఊరి రేడియోలో వచ్చింది సాయంత్రానికి రచ్చబండ దగ్గరికి చేరుతుంది.

టీవీలో అయితే ముఖం మీద మసక వేస్తారు. రేడియోలో ముఖమే లేదు కదా, పిల్లోడు సేఫ్ కదా అనుకుంటాం. కానే కాదు. పల్లెలో గొంతే ముఖం. చీకట్లో ఎవరు పిలిచినా గొంతు బట్టి ఎవరింటి పిల్లోడో చెప్పేస్తాం. సాఫ్ట్‌వేర్‌తో గొంతు సన్నగానో లావుగానో మార్చచ్చు. కానీ వాడు మాట్లాడే తీరు, వాడు చెప్పే వంక పేరు, వాడి కుక్కను పిలిచే పిలుపు, ఇవన్నీ అట్లాగే ఉంటాయి. వెనకాల మేక మెడలో గంట చప్పుడు వినిపిస్తే అది ఎవరి మందో చెప్పేవాళ్ళు కూడా ఉంటారు.

నాకు తెలిసిన ఒక సంగతి చెప్తా. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. పన్నెండేళ్ళ పిల్లోడు. జీవాల దగ్గర ఉన్నాడు. ఎవరో వచ్చి వాడితో మాట్లాడించి వీడియో పెట్టినారు. ముఖం మసక చేసినారు. మాట మాత్రం అట్లాగే ఉంచినారు. "బడికి పోవాలని ఉందా?" అని అడిగితే వాడు ఏడ్చినాడు. ఆ ముక్క బాగా తిరిగింది. రెండు రోజులకు మంద ఓనర్ వాళ్ళ నాయన్ను పిలిపించి, "మా పేరు ఊరంతా ఎక్కించినారు. ఇచ్చిన అడ్వాన్సు కట్టి మీ పిల్లోణ్ణి తీసుకుని పోండి" అన్నాడు. ఆ డబ్బు ఆస్పత్రికి ఎప్పుడో అయిపోయింది. ఇంకొకరి దగ్గర అడ్వాన్సు తెచ్చి ఇది కట్టినారు. పిల్లోణ్ణి బార్డర్ అవతల, తెలిసినోళ్ళు ఎవరూ లేని ఊర్లో పెట్టినారు. ముందు కనీసం రాత్రికి ఇంటికి వచ్చేవాడు.

తర్వాత ఎప్పుడో వాళ్ళమ్మ నాతో ఒక మాట అంది. "వాళ్ళు వాణ్ణి అడిగినారు నాయనా. మమ్మల్ని ఎవురూ ఏమీ అడగలేదు." నేను ఆ చెల్లెలికి చెప్పాలనుకున్న పాఠం మొత్తం ఈ మాటలో ఉంది. అడ్వాన్సు ఎంత, దేనికి తీసుకున్నారు, అని నాయన్ను ఎవరూ అడగలేదు. పెద్దమనిషిని పెట్టుకుంటే ఎంత ఇవ్వాలి అని ఓనర్‌ను అడగలేదు. ఆ పిల్లోడు ఎన్ని రోజుల నుంచి బడికి రాలేదు అని హెడ్మాస్టర్‌ను అడగలేదు. వచ్చినోళ్ళు నిర్ణయాలు తీసుకున్న పెద్దోళ్ళందరినీ దాటుకుని, ఏ నిర్ణయమూ తీసుకోని ఒక్కడి ముందు మైక్ పెట్టినారు.

చట్టం కూడా ఇదే చెప్తుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, కార్మిక చట్టాలకు విరుద్ధంగా పని చేస్తూ దొరికిన పిల్లలు రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల లెక్కలోకి వస్తారు. అట్లాంటి పిల్లల కేసుల గురించి రిపోర్ట్ చేసేటప్పుడు పేరు, అడ్రస్, బడి, వాళ్ళను గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ బయటపెట్టకూడదు అని అదే చట్టం 74వ సెక్షన్. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. రేడియోకైనా, యూట్యూబ్‌కైనా, మీ వాట్సాప్ స్టేటస్‌కైనా ఈ జాగ్రత్త ఒకటే అనుకోండి. "గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ" అన్నప్పుడు, పల్లెలో గొంతు కూడా ఒక వివరమే అని నేను లెక్కేస్తా.

సరే, మరి ఎట్లా నేర్పాలి? నన్ను మూడు రోజుల శిక్షణ పెట్టమంటే ఇట్లా పెడతా.

మొదటి రోజు మైక్ ఇవ్వను. ఒక నోటు పుస్తకం ఇస్తా. ఊర్లోకి పంపిస్తా. ఒకే షరతు, "బాల కార్మికులు" అనే మాట నోట్లో నుంచి రాకూడదు. ఎందుకంటే ఆ మాట అన్న వెంటనే ఎవరైనా ఏమంటారు? "మా ఊర్లో అట్లాంటోళ్ళు లేరప్పా" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్తున్నారని కాదు. వాళ్ళ లెక్కలో బాల కార్మికుడు అంటే హోటల్లో గ్లాసులు కడిగే పిల్లోడు. సొంత చెల్లెల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయిన పదేళ్ళ పిల్ల ఆ లెక్కలోకి రాదు.

అందుకని వేరే ప్రశ్న అడగాలి. "నిన్న మీ పిల్లోడు పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం చేసినాడమ్మా?" అంతే. పొద్దున ఆరింటికి, ఎనిమిదింటికి, మధ్యాహ్నం, సాయంత్రం. నీళ్ళు తెచ్చినాడు, పేడ ఎత్తినాడు, మేకలకు ఆకు కొట్టుకొచ్చినాడు, బడికి పదకొండుకు పోయినాడు, మూడింటికి వచ్చేసినాడు. ఎవరూ దాచుకోరు. ఎందుకంటే మీరు తప్పు పట్టడం లేదు, దినచర్య అడుగుతున్నారు. అట్లా ఇరవై ఇళ్ళు తిరిగి రాసుకుని రండి, అప్పుడు ఆ ఊర్లో ఏం జరుగుతుందో మీకే అర్థమవుతుంది.

దీని వెనక ఒక ఆలోచన ఉంది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఈ పని చేసిన ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు ఒక సూత్రం పెట్టుకున్నారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అని. జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా, పొలంలో ఉన్నా ఇంట్లో ఉన్నా. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలు అయ్యారు. ఆ సూత్రం రిపోర్టర్‌కు ఎందుకు మంచిదంటే, అది లెక్కపెట్టడానికి వీలుగా ఉంటుంది. పని ప్రమాదకరమా కాదా అని వాదించుకుంటూ కూర్చోనక్కర్లేదు. బడి టైమ్‌లో పిల్ల ఎక్కడుంది? అంతే ప్రశ్న.

రెండో రోజు మైక్ ఇస్తా. కానీ పెద్దోళ్ళ దగ్గరికే. నలుగురి జవాబులు రికార్డ్ చేసుకుని రావాలి.

మొదట తల్లిదండ్రులు. వాళ్ళను దోషుల్లా నిలబెట్టద్దు. డబ్బు లెక్క అడగండి. అడ్వాన్సు ఎంత, వడ్డీ ఎంత, ఎవరికి జబ్బు చేసింది, బోరు వేసి ఎంత పోయింది. పేరు వద్దంటే పేరు లేకుండా. వాళ్ళ మాట వినిపిస్తే పిల్లోడు బయటపడతాడు అనిపిస్తే, ఆ మాటల్ని రిపోర్టరే తన గొంతుతో చెప్పాలి.

రెండు, పని ఇచ్చే మనిషి. ఇక్కడ అందరూ భయపడతారు. కానీ మర్యాదగా అడిగితే చెప్తారు. "అన్నా, ఈ పనికి పెద్దమనిషిని పెట్టుకుంటే ఎంతవుతుంది? నీకు గిట్టుబాటు అవుతుందా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి మా పక్క జిల్లా కర్నూలు సంగతి చూద్దాం. కర్నూలు, మహబూబ్‌నగర్ పక్క హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం మొగ్గలో మగ భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున పుప్పొడి రాయాలి. ఒక్కో పువ్వుకి చేత్తో చెయ్యాలి. క్రాసింగ్ అంటారు. దాంట్లో ఎక్కువగా చిన్న ఆడపిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయి, ఎత్తు సరిపోతుంది అని కారణాలు చెప్పేవాళ్ళు. దావులూరి వెంకటేశ్వర్లు గారు దీని మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. లూసియా డ కోర్టాతో కలిసి 2005లో ఇచ్చిన ఒక రిపోర్ట్ పేరే "ది ప్రైస్ ఆఫ్ చైల్డ్‌హుడ్". వాళ్ళు రైతు దగ్గర ఆగిపోలేదు. రైతుకు విత్తన కంపెనీ ఇచ్చే ధర ఎంత, ఆ ధరలో పెద్దోళ్ళకు కూలి ఇస్తే ఏం మిగులుతుంది అని లెక్క వేశారు. ఆ ధరకు పెద్దోళ్ళను పెట్టుకోవడం రైతుకు కష్టం అని తేలింది. అంతకుముందు "రైతు చెడ్డోడు" అన్న కథ, "కంపెనీ ధర ఎంత?" అన్న కథ అయింది. తర్వాత కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టుకోని రైతులకు అదనంగా డబ్బు ఇచ్చే పద్ధతి కూడా పెట్టాయి. చూడండి, పొలంలో పిల్ల ముందు మైక్ పెట్టి "ఏడుపొస్తుందా?" అని అడిగితే ఇదంతా బయటికి వచ్చేదా?

మూడు, హెడ్మాస్టర్. 2016లో బాల కార్మిక చట్టం మారింది. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. పెడితే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా. కానీ ఒక సందు ఉంది. సొంత కుటుంబం పనిలో, ప్రమాదం లేని పనుల్లో, బడి అయిపోయాక, సెలవుల్లో సాయం చెయ్యచ్చు. పల్లెలో ఉన్న పనంతా ఈ సందులోనే ఉంటుంది. "మా పిల్లోడే, మా మేకలే" అంటారు. అప్పుడు తేల్చేది ఒక్కటే, "బడి అయిపోయాక" అన్న మాట. అది ఎక్కడ దొరుకుతుంది? హాజరు పట్టీలో. 2017 రూల్స్‌లో ఇంకో సంగతి ఉంది. చెప్పకుండా వరసగా 30 రోజులు బడికి రాని పిల్లల గురించి హెడ్మాస్టర్ నోడల్ ఆఫీసర్‌కి తెలియజేయాలి. కాబట్టి హెడ్మాస్టర్‌ని అడగాల్సిన ప్రశ్న "మీ బడిలో బాల కార్మికులు ఉన్నారా సార్?" అని కాదు. "పోయిన నవంబర్‌లో 30 రోజులు రాని పిల్లలు ఎంతమంది? ఎంతమంది గురించి పైకి రాశారు? రాసినాక ఎవరైనా వచ్చారా?" మూడు ప్రశ్నలు, మూడు అంకెలు. పిల్లల పేరు ఒక్కటి కూడా అక్కర్లేదు. అట్లాగే పట్టీలో ఉన్న పేర్లు ఎన్ని, ఆ రోజు క్లాసులో కూర్చున్న తలలు ఎన్ని, మీరే లెక్కపెట్టుకుని రండి.

నాలుగు, ఆఫీసర్. వలస పోయే కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టే ఏర్పాటు సర్వ శిక్షా అభియాన్ రోజుల నుంచి ఉంది. మంచి ఆలోచన. అమ్మానాన్న పోతారు, పిల్ల బడి దగ్గరే ఉంటుంది. ఆఫీసర్‌ని తేదీలు అడగండి. మా మండలంలో వలస ఏ నెలలో మొదలవుతుంది, హాస్టల్ ఏ నెలలో తెరిచారు? బస్సు ఎక్కి పోయినాక తెరిస్తే ఎవరికి ఉపయోగం? ఈ జవాబు ఆఫీసర్ గొంతుతోనే రికార్డ్ అవ్వాలి. ఆయనకు ఆ గొంతు వల్ల ప్రమాదం ఏమీ లేదు.

మూడో రోజు ఎడిటింగ్, లెక్కలు.

లెక్కల దగ్గర ఒక ఉదాహరణ ప్రతి రిపోర్టర్‌కీ తెలియాలి. 2001 జనాభా లెక్కల్లో దేశంలో 5 నుంచి 14 ఏళ్ళ పని చేసే పిల్లలు 1 కోటి 26 లక్షలు. 2011లో 43 లక్షల 50 వేలు. అబ్బో, మూడో వంతుకు తగ్గిపోయింది అని చాలా చోట్ల రాశారు. కానీ 2001 అంకెలో ఏడాదిలో ఎక్కువ కాలం పని చేసినోళ్ళు, తక్కువ కాలం పని చేసినోళ్ళు, ఇద్దరూ ఉన్నారు. 2011 అంకెలో మొదటి రకం మాత్రమే ఉన్నారు. రెండో రకాన్ని కూడా కలిపితే 2011లో 1 కోటి 1 లక్ష. తగ్గింది నిజమే, కానీ అంత కాదు. ఇప్పుడు ఆలోచించండి, ఆ అంకెలో నుంచి జారిపోయింది ఎవరు? శెనక్కాయ సీజన్‌లో రెండు నెలలు బడి మానే పిల్ల. అంటే మా గుమ్మఘట్ట పిల్లే. కోడ్‌లో అయితే దీన్ని, రెండు వెర్షన్లను పోల్చేటప్పుడు ఇన్‌పుట్ మార్చేశావు అంటాం. ఏ అంకె ఎవరు చెప్పినా, "దీంట్లో ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు?" అని అడగాలి.

తర్వాత టైమింగ్. జూన్ 12 ప్రపంచ బాల కార్మిక వ్యతిరేక దినం. మన రాష్ట్రంలో మామూలుగా బడులు తెరిచేది కూడా జూన్ 12నే. ఆ రోజు ర్యాలీ ఉంటుంది, ఫోటో ఉంటుంది, రేడియోలో ఒక ప్రసంగం ఉంటుంది. కానీ ఆ రోజు బడిలో పేర్లు రాయించుకునే రోజు. పిల్లలు కనిపిస్తారు. శెనక్కాయ చేతికొచ్చేది అక్టోబర్, నవంబర్‌లో. వాన రాకపోతే వలస బస్సులు నిండేదీ ఆ తర్వాతే. కాబట్టి జూన్‌లో చెప్పిన మాటలు రికార్డ్ చేసి పెట్టుకుని, నవంబర్‌లో అదే బడికి మళ్ళీ పోవాలి. ఆ రెండు నెలల హాజరు పక్కపక్కన పెట్టి చదివితే చాలు, అదే మంచి ప్రోగ్రాం. వెనకాల మ్యూజిక్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మీరు ఒకటి అడగచ్చు. "అట్లయితే పిల్లల మాట ఎవరూ వినద్దా? వాళ్ళ గురించి వాళ్ళు చెప్పుకునే హక్కు లేదా?" న్యాయమైన ప్రశ్న. ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం అదే చెప్తుంది, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలి అని. మన దేశం 1992లో ఒప్పుకుంది. కాబట్టి వినాలి. అయితే వినడం వేరు, గాల్లోకి వదలడం వేరు. పిల్లలతో కూర్చోండి, మాట్లాడండి, ఏది ముఖ్యమో వాళ్ళనే చెప్పనివ్వండి. మీ ప్రశ్నలు ఎక్కడ తప్పుగా ఉన్నాయో వాళ్ళే దిద్దుతారు. గొంతు వినిపించాలనుకుంటే, పని మానేసి బడికి తిరిగి వచ్చి, ఇప్పుడు ఎవరి మీదా ఆధారపడని పిల్లల్ని, పెద్దయినవాళ్ళను అడగండి. లేదా పిల్లలు చెప్పిన సంగతుల్ని ఊరు, ఇల్లు మార్చి చిన్న నాటికలా రాసి, వేరే వాళ్ళతో చెప్పించండి. అది నాటిక అని ముందే చెప్పండి. ఏది చేసినా, ముందు ఆ పిల్లలకు వినిపించండి. "ఇది వద్దు" అంటే తీసేయండి, కారణం అడగద్దు.

ఇంకొకటి. రికార్డింగ్‌కి పోయినప్పుడు నిజంగా ప్రమాదంలో ఉన్న పిల్లలు కనిపించారనుకోండి. కొడుతున్నారు, బయటికి పోనివ్వడం లేదు, జబ్బు పడి ఉన్నారు. అప్పుడు మీరు రిపోర్టర్ అనే సంగతి పక్కన పెట్టి, 1098కి ఫోన్ చెయ్యండి. స్టోరీ తర్వాత చూసుకోవచ్చు. మీరే హీరోలా పిల్లోణ్ణి బండి మీద ఎక్కించుకుని రావద్దు. రాత్రికి వాడు ఎక్కడ పడుకోవాలి, రేపు వాళ్ళ నాయనకు ఎవరు అండ ఉంటారు అన్నది మీ చేతుల్లో లేదు.

ప్రోగ్రాం అయిపోయాక కూడా పని ఉంటుంది. వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఆ ఊరికి పోయి రండి. మీ ప్రోగ్రాం వల్ల ఎవరి కూలి అయినా పోయిందా, ఎవరినైనా బెదిరించారా కనుక్కోండి. పది కిలోమీటర్ల రేడియోకి ఉన్న సుఖం అదే, సైకిల్ మీద పోయి చూసి రావచ్చు. ఢిల్లీ ఛానెల్‌కి ఆ వీలు లేదు.

ఆ చెల్లెలు వచ్చే నెల మా పక్క వస్తానంది. నేను ఇచ్చే లిస్టులో జీవాలు మేపే పిల్లోడి అడ్రస్ ఉండదు. ఒక హెడ్మాస్టర్, ఇద్దరు మేస్త్రీలు, ఒక మంద ఓనర్, మండల ఆఫీసు, వలస పోయి తిరిగొచ్చిన ఇద్దరు అక్కలు, వాళ్ళు ఒప్పుకుంటేనే. అరగంటకు ఇది చాలు.

మీలో ఎవరైనా కమ్యూనిటీ రేడియోలోనో, కాలేజీ రేడియోలోనో పని చేస్తుంటే, లేదా ఊర్లో ఫోన్ పెట్టుకుని వీడియోలు తీస్తుంటే, ఈ నవంబర్‌కి మీ ఊరి బడిలో ఆ మూడు అంకెలు అడిగి చూడండి. ఎంతమంది 30 రోజులు రాలేదు, ఎంతమంది గురించి పైకి రాశారు, ఎవరు వచ్చారు. జవాబు ఏం వచ్చినా, జవాబు రాకపోయినా, అది కూడా రికార్డ్ చేసుకుని నాకు పంపండి. పిల్లల పేర్లు మాత్రం వద్దు. వచ్చిన అంకెలతో ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

అప్పటిదాకా సెలవు. నమస్తే.